పిల్లర్ దించే ముందు ఒకసారి కిందికి చూడండి

హైదరాబాద్ మెట్రో రైల్ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,



ఈ ఉత్తరం రాస్తున్న బల్ల మీద నా ఎదురుగా ఒక మట్టి గొట్టం ముక్క ఉంది. జానెడు పొడవు ఉంటుంది. ఒక అంచు పగిలిపోయింది. రెండో అంచు మాత్రం సన్నగా, ఇంకో గొట్టంలోకి సరిగ్గా దూరేటట్టు చేసి ఉంది. పైన చేత్తో తడిమితే కుమ్మరి వేళ్ల చారలు తగులుతాయి. లోపల గోరుతో గీకితే తెల్లటి పొర పొడిపొడిగా రాలుతుంది. ఏళ్ల తరబడి నీళ్లు పారితే తప్ప అంత మందం పొర కట్టదు. ఇది మా హరిబౌలి గల్లీలో డ్రైనేజీ లైను కోసం తవ్వి పోసిన మట్టికుప్పలో నాకు దొరికింది.

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. గుంత నడుము లోతుకు దిగగానే గడ్డపార ఖంగుమంది. మట్టి తీసి చూస్తే ఇటుకలతో, డంగుసున్నంతో కట్టిన చిన్న కమాను. పిల్లవాడు వంగి పాకితే పట్టేంత ఉంది. లోపలంతా చీకటి. ముఖం దగ్గర పెడితే చల్లటి గాలి తగిలింది. గల్లీ అంతా గుమిగూడింది. పక్కింటి ఖాలా "ఇదే బేటా, గోల్కొండకు పోయే సురంగ్" అన్నది. మా నాయనమ్మ ఒప్పుకోలేదు. "సురంగ్ లేదు ఏం లేదు, గిది బాయిలకు నీళ్లొచ్చే తొవ్వ" అన్నది. ఎవరి మాట నిజమో తేలకముందే పొద్దు గూకింది. కాంట్రాక్టరు మనిషి వచ్చి కమాను పగలగొట్టించాడు, సిమెంటు పైపు దింపించాడు, మట్టి కప్పించి వెళ్లిపోయాడు. తెల్లారేసరికి మా గల్లీ ఎప్పటిలా ఉంది. ఎవరూ కొలత తీయలేదు. ఫొటో తీయలేదు. కాగితం మీద ఒక్క గీత గీయలేదు. ఆ కమాను ఒకప్పుడు ఉండేదనడానికి మిగిలిన సాక్ష్యం ఈ ముక్క ఒక్కటే.

ఇప్పుడు అదే నేలలోకి మీ యంత్రాలు దిగబోతున్నాయి. మహాత్మా గాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లు. మా గల్లీలో ఆనాడు జరిగింది ఆ దారి పొడవునా మళ్లీ జరగకూడదని వేడుకుంటూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. పాతబస్తీకి మెట్రో కావాలి. వద్దనేవాళ్లలో నేను లేను. మొదటి దశ ప్లానులోనే జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా లైను ఉంది. 2020 ఫిబ్రవరి 7న ఆ లైను మీద రైలు మొదలైంది గానీ ఎంజీబీఎస్ దగ్గరే, మూసీ ఒడ్డునే ఆగిపోయింది. నది దాటితే మా బస్తీ. మాదాపూర్‌లో ఉద్యోగాలు చేసే మా పిల్లలు ఈ రోజుకీ షాలిబండ నుంచి ఎంజీబీఎస్ దాకా ఆటోల్లో నలిగి, అక్కడికి చేరాకే రైలెక్కుతున్నారు. 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర ఫరూక్‌నగర్‌లో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసిన రోజు మా ఇంట్లో మిఠాయి పంచుకున్నాం.

ఈ లైను కోసం మావాళ్లు చిన్న త్యాగం చేయలేదు. రోడ్డును 100 అడుగులకు, స్టేషన్ల దగ్గర 120 అడుగులకు వెడల్పు చేయాలి. అందుకు వందల కట్టడాలు పూర్తిగానో కొంత భాగమో పోతున్నాయి. గజానికి 81,000 రూపాయల లెక్కన పరిహారం ఇస్తున్నారు. చెక్కు చేతికొచ్చాక కూడా గుమ్మంలో నిలబడి గోడను నిమిరిన పెద్దమనుషులను నేను కళ్లారా చూశాను. తాతలనాటి ఇంటి తాళం చేతిలో పెట్టినవాళ్లకు ఒక మాట అడిగే హక్కు ఉంటుందని నమ్మి అడుగుతున్నాను.

మీ ఇంజినీర్లకు కృతజ్ఞత కూడా చెప్పాలి. ఈ దారిలో మసీదులు, గుళ్లు, దర్గాలు, ఆషుర్‌ఖానాలు, చిల్లాలు, శ్మశానాలు అన్నీ కలిపి వందకు పైగా ఉన్నాయి. వాటిని ముట్టుకోకుండా పిల్లర్లను అటూ ఇటూ జరిపి, వంపులు సవరించి లైను గీశామని మీరు చెప్పారు. అది మంచి పని. అయితే ఆ జాబితాలో ఉన్నవన్నీ నేల మీద కనిపించేవే. నేల కింద ఉన్నవాటి జాబితా ఎవరి దగ్గరుంది?

పాతబస్తీలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక కథ ఉగ్గుపాలతో పోస్తారు. చార్మినార్ నుంచి గోల్కొండ కోటకు సొరంగం ఉందట. శత్రువు ముట్టడిస్తే రాజు గుర్రమెక్కి ఆ దారిన తప్పించుకునేందుకట. నేను ఈ కథ వింటూ పెరిగాను, పెద్దయ్యాక నమ్మడం మానేశాను. గోల్కొండ మూసీకి ఉత్తరాన ఉంది, చార్మినార్ దక్షిణాన ఉంది. మధ్యలో నది, అడుగున గ్రానైట్ రాయి. ఆ రాయిని అంత దూరం తొలిచి, నది కింద నుంచి మనుషులూ గుర్రాలూ పోయే దారి తీశారంటే నా బుద్ధికి అందదు. పైగా 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించింది. సొరంగమే ఉంటే గోల్కొండ సుల్తాన్ అబుల్ హసన్ తానీషాకు అంతకన్నా అవసరమైన రోజు ఇంకేముంటుంది? ఆయన కోటలోనే పట్టుబడ్డాడు. ఆ దారి మొదలును గానీ చివరను గానీ ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

అయినా నిప్పు లేనిదే పొగ రాదు. నాలుగు వందల ఏళ్లుగా ఇల్లు కడుతూ, బావి తీస్తూ, కాలువ తవ్వుతూ ఇక్కడి జనం ఇటుక కమానులను, చీకటి దారులను చూసి ఉంటారు. చూసినదానికి రాజుల కథ అల్లుకున్నారు. కథ పక్కన పెడితే చూసింది మిగులుతుంది. దాన్ని తేల్చాల్సింది మనమే.

నీళ్లను నేల కింద నడిపించడం ఈ గడ్డకు పాత విద్య. దుర్గం చెరువు నీళ్లు మట్టి గొట్టాల్లో గోల్కొండ దాకా వచ్చేవి. అక్కడ అంచెలంచెలుగా నీటి చక్రాలతో కొండ మీద బాలాహిస్సార్‌కు ఎక్కించేవాళ్లు. కోట గోడల్లో ఆ గొట్టాలను ఇవాళ కూడా చూడొచ్చు. కోటను ఆనుకున్న నయా ఖిల్లాలో 2014 ప్రాంతంలో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ తవ్వితే కుతుబ్‌షాహీల తోట బయటపడింది. నీటి కాలువలు, తొట్లు, నేల కింద పరిచిన మట్టి గొట్టాలు దొరికాయి. ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్న ఔరంగాబాద్‌లో మలిక్ అంబర్ తవ్వించిన భూగర్భ నహర్ ఉంది. బీదర్‌లో బహమనీల కాలపు కరేజ్ ఉంది. కొండ దిగువ ఊటను పట్టి, ఎర్రరాతి పొరలో సన్నని వాలుతో సొరంగం తొలిచి, మధ్యమధ్యలో గాలి బావులు తీసి, నీటిని ఊరి దాకా తెచ్చిన ఏర్పాటది. అక్కడ కూడా జనం ఆ గాలి బావులను ఏళ్ల తరబడి చెత్త గుంతలు అనుకున్నారు. ఎవరో వచ్చి దిగి, కొలిచి, పూడిక తీశాకే అదేమిటో ఊరికి తెలిసింది.

మన చార్మినార్ దగ్గరికి రండి. నాలుగు కమానుల నడుమ గుల్జార్ హౌజ్ ఉంది. ఊరు పుట్టిననాటి నుంచి అక్కడ ఫౌంటెన్ ఉంది. కరెంటు మోటార్లు లేని రోజుల్లో ఆ హౌజ్‌కు నీళ్లు ఎత్తయిన చోటు నుంచి, నేల కింది దారిన, తమంత తాముగా వచ్చి ఎగసిపడి ఉండాలి. ఆ దారి ఎటు నుంచి వచ్చింది, ఎవరి ఇంటి కింద నుంచి పోయింది అన్న నక్షా ఉంటే ఈ ఊరి పుట్టుకే మనకు అర్థమవుతుంది. తర్వాత 19వ శతాబ్దం మొదట్లో 21 కమానుల కట్టతో మీర్ ఆలం చెరువు వచ్చింది. గండిపేట చెరువు (ఉస్మాన్‌సాగర్) రాకముందు పాతబస్తీ తాగింది ఆ నీళ్లే. మా వాడల పేర్లు చూడండి. హరిబౌలి, దూద్‌బౌలి. బౌలి అంటే బావి. ఒక్కో బావి చుట్టూ ఒక్కో వాడ కట్టుకున్నారు. ఇప్పుడు పేర్లున్నాయి, బావులు చాలామటుకు చెత్త కింద, సిమెంటు కింద ఉన్నాయి.

మీ లైను వెంట ఒకసారి నాతో నడిచి రండి.

నదికి ఇవతల గౌలిగూడ నుంచి మొదలుపెడదాం. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ కాలంలోనే వచ్చిన పెద్ద రేకుల షెడ్డు గౌలిగూడ బస్టాండుగా తరతరాలను మోసింది. జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు హైదరాబాద్ అంటే మొదట కనిపించేది ఆ వంపు కప్పే. 2018 జూలై 5న అది కుప్పకూలింది. అప్పటికే ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణనష్టం జరగలేదు. పనికిరాకుండా పోయిన రవాణా కట్టడాన్ని సకాలంలో పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి మీ ఎంజీబీఎస్ స్టేషన్ పక్కనే ఉన్న గుర్తు అది.

మూసీ దాటండి. 1908 సెప్టెంబర్ 28న ఈ నది పొంగి పదిహేను వేల మంది దాకా ప్రాణాలు తీసింది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో నిలబడి ఉంది. ఆ విపత్తు తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. ఆయన ఆలోచన నుంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరానికి భూగర్భ డ్రైనేజీ పథకం వేసింది కూడా ఆయనే. అంటే మీ పిల్లర్లు దిగే నేలలో పైన వరద మట్టి, దాని దిగువ పాత కట్టడాల అడుగులు, వాటి మధ్య వందేళ్లనాటి డ్రైనేజీ ఉండొచ్చు. మంచి ఇంజినీరుకు ఈ పొరలు తెలియడం చరిత్ర కోసమే కాదు, పిల్లర్ గట్టిదనం కోసం కూడా అవసరం.

దారుల్‌షిఫా వస్తుంది. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆస్పత్రి, వైద్య పాఠశాల. రోగులు, విద్యార్థులు, బాటసారులు ఉన్న చోట నీళ్ల ఏర్పాటు లేకుండా ఉండదు. పురానీ హవేలీ దాటి ముందుకు పోతే మీర్ మోమిన్ దాయిరా అనే శ్మశానం. చార్మినార్‌ను, ఈ ఊరి నాలుగు బాటలను రచించిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ అక్కడే నిద్రపోతున్నాడు. కర్బలా నుంచి మట్టి తెప్పించి ఆ శ్మశానంలో పరిపించాడని మావాళ్లు చెప్పుకుంటారు. ఊరికి నక్షా గీసిన మనిషి మట్టికి అంత విలువ ఇచ్చాడన్న మాట నాలుగు వందల ఏళ్లుగా ఇక్కడ నిలిచి ఉంది.

తర్వాత మా హరిబౌలి. తానీషా మంత్రులు అక్కన్న, మాదన్నల పేరున్న మహంకాళి గుడి ఇక్కడే. బోనాలప్పుడు అమ్మవారి ఘటం ఏనుగు మీద బయల్దేరి చార్మినార్ మీదుగా నయాపూల్ దాకా పోతుంది. చిన్నప్పుడు మా నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని ఆ ఊరేగింపు వెంట నడిపించేది. నడుస్తూ నడుస్తూ "గీడ బాయుండె, గాడ బాయుండె" అని వేలు పెట్టి చూపించేది. ఒక చోట మిఠాయి దుకాణం, ఒక చోట చెప్పుల దుకాణం, ఒక చోట ట్రాన్స్‌ఫార్మర్ కనిపించేవి. ఆమె కళ్లకు మాత్రం బావులే కనిపించేవి. ఆమె పోయి ఇరవై ఏళ్లయింది. ఆ బావులు ఏడో, ఎనిమిదో నాకు సరిగా గుర్తు లేదు. అప్పుడే రాసుకోవాల్సింది. ఆ తప్పు నాది. ఇలాంటి నాయనమ్మలు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు కాబట్టి ఈ మాట మీకు తొందరగా చేరాలని నా ఆరాటం.

షాలిబండ గడియారం దాటాక అలియాబాద్. పాత హైదరాబాద్ చుట్టూ ప్రహరీ గోడ ఉండేది. మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెడితే మొదటి నిజాం పూర్తి చేశాడు. పదమూడు దర్వాజాల్లో దక్షిణాన ఉన్నది అలియాబాద్ దర్వాజా. ఇప్పుడు మిగిలినవి దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా. గోడ పోయినా పునాది ఎక్కడికీ పోదు. మీ లైను ఆ గోడ గీతను మూసీ ఒడ్డున ఒకసారి, అలియాబాద్‌లో ఒకసారి దాటుతుంది. ఊరి సరిహద్దును కళ్లారా చూసి, కొలిచి, గుర్తుపెట్టే అవకాశం మీకు రెండు చోట్ల రాబోతోంది.

ఇది పని ఆపాలనే మాట అనుకోకండి. ప్రపంచంలో చాలా ఊళ్లు పని చేస్తూనే ఇది చేశాయి.

ముందు, నేల కింద ఉన్నదాన్ని కాపాడుకున్న ఒక ఊరి సంగతి. లండన్‌లో ట్రాములు నేల కింద కూడా నడిచాయి. కింగ్స్‌వే వీధి అడుగున 1906లో తెరిచిన ట్రాం సొరంగం 1952లో మూతపడింది. కొంత భాగాన్ని తర్వాత కార్ల దారిగా మార్చారు. మిగిలిన భాగంలో పట్టాలు అలాగే ఉన్నాయి. దాన్ని పూడ్చేయలేదు. అక్కడి రవాణా మ్యూజియం వాళ్లు జనాన్ని కిందికి దింపి చూపిస్తారు, జనం టికెట్ కొని దిగుతారు. నూరేళ్ల పాత ట్రాం దారికే అంత మర్యాద ఉంటే, నాలుగు వందల ఏళ్ల నీటి దారికి ఎంత ఉండాలి?

గ్రీసులోని థెస్సలోనికి సంగతి మీకు తెలిసే ఉంటుంది. అక్కడ మెట్రో తవ్వకాల్లో మూడు లక్షలకు పైగా వస్తువులు, రోమన్ కాలం నుంచి వాడిన రాతి రాజబాట దొరికాయి. పని ఆలస్యమైంది, గొడవలు అయ్యాయి, కోర్టులకు వెళ్లారు. చివరికి 2024 నవంబర్ 30న మెట్రో తెరిచినప్పుడు ఆ బాట వెనిజెలోస్ స్టేషన్ లోపలే ఉంది. ఏథెన్స్ మెట్రో స్టేషన్లలో తవ్వకాల్లో దొరికినవాటిని గాజు వెనక పెట్టారు. అందులో ప్రాచీన ఏథెన్స్‌కు నీళ్లు తెచ్చిన మట్టి గొట్టాలు కూడా ఉన్నాయి. ఆఫీసుకు పోయే మనిషి రోజూ వాటి పక్క నుంచే రైలెక్కుతాడు. నా బల్ల మీది ముక్కకు అవి చుట్టాలని నాకనిపిస్తుంది.

మన దేశంలోనే ఇంకో పాఠం ఉంది. 2019 ఆగస్టు 31న కోల్‌కతాలోని బౌబజార్ అడుగున మెట్రో సొరంగం తొలిచే యంత్రం నీటి పొరను తాకింది. మీద ఉన్న పాత ఇళ్లు బీటలు వారాయి, కొన్ని కూలాయి, వందల మంది రాత్రికి రాత్రి ఇళ్లు వదిలి బయటపడ్డారు. మీది పైన నడిచే లైనని, సొరంగం తవ్వడం లేదని నాకు తెలుసు. అయినా ప్రతి పిల్లర్‌కూ లోతుగా గుంత తవ్వాల్సిందే. అడుగున పూడిపోయిన బావి ఉందో, బోలు కాలువ ఉందో తెలియకుండా పాత ఇళ్ల పక్కన యంత్రం దించడం ఎవరికీ మంచిది కాదు.

మనకు చేతకాదని ఎవరూ అనలేరు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర బడీ బౌలి 2013లో వానలకు ఒక పక్క కూలిపోయింది. ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు దాన్ని తిరిగి నిలబెట్టారు. గోల్కొండ బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో బన్సీలాల్‌పేట మెట్లబావి తెరిచారు. ఏళ్ల తరబడి చెత్తకుండీగా ఉన్న చోట ఇప్పుడు మెట్ల కింద నీళ్లు మెరుస్తున్నాయి, పిల్లలు కూర్చుని బొమ్మలు గీసుకుంటున్నారు. మరోవైపు, 2012-13 ప్రాంతంలో నిధులున్నాయని ఎవరో చెప్పారని నౌబత్ పహాడ్ దిగువన ప్రభుత్వమే తవ్వించింది. నిధి దొరకలేదు. బంగారం కోసం తవ్వడానికి చూపిన ఉత్సాహంలో సగం ఈ 7.5 కిలోమీటర్ల మీద చూపిస్తే చాలు.

నేను అడిగేవి అయిదే.

ఒకటి, ప్రతి పిల్లర్ చోటులోనూ యంత్రం దించే ముందు గ్రౌండ్ పెనిట్రేటింగ్ రాడార్‌తో నేలను పరీక్షించండి. మీకు మట్టి పరీక్షలు ఎలాగూ తప్పవు. ఆ ఫలితాలను పిల్లర్ నంబరుతో సహా అందరికీ కనిపించేలా పెట్టండి.

రెండు, తవ్వకం జరిగే ప్రతి చోటా రాష్ట్ర వారసత్వ శాఖ మనిషి ఒకరు ఉండాలి. ఏదైనా కనిపిస్తే రెండు మూడు రోజులు ఆ ఒక్క గుంత ఆపి, కొలతలు తీసి, ఫొటోలు తీసి, బొమ్మ గీసుకునే అధికారం వాళ్లకు ఇవ్వండి. లైనంతా ఆపనక్కర్లేదు. పక్క పిల్లర్ పని నడుస్తూనే ఉంటుంది.

మూడు, కూల్చే ఇళ్లలో బావులుంటే వాటిని శిథిలాలతో పూడ్చకండి. ముందు లోతు, వ్యాసం, గోడలోని కమానులు, నీటి మట్టం రాసుకోండి. ఏ బావి ఏ బావితో కలుస్తుందో ఒకచోట గుర్తు పెడితే నేల కింది నీటి దారుల నక్షా దానంతట అదే తయారవుతుంది.

నాలుగు, వస్తువు బయటపడితే పని ఆగుతుందన్న భయంతోనే దాన్ని రాత్రికి రాత్రి కప్పేస్తారు. అందుకే కాంట్రాక్టు కాగితాల్లోనే ఆ రోజులకు గడువు పెంచి ఇవ్వండి. గడ్డపార పట్టిన కూలీ "సార్, ఇక్కడ ఏదో ఉంది" అని చెబితే అతనికి బహుమానం ఇవ్వండి. మొదట చూసేది అతని కళ్లే.

అయిదు, షాలిబండలోనో హరిబౌలిలోనో చిన్న గది ఒకటి తెరిచి, బస్తీ పెద్దలను కూర్చోబెట్టి, తెలుగులో, ఉర్దూలో వాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయించండి. ఇంట్లో బావి ఎక్కడుండేది, ఏ వాకిలి కింద బోలు మోత వచ్చేది, ఏ ఏడు ఎక్కడ నేల కుంగింది. మీ రాడార్ ఎక్కడ వెతకాలో వాళ్లు చెబుతారు.

వీటి ఖర్చు మొత్తం లైను ఖర్చులో కనపడనంత చిన్నది. వచ్చే లాభం మాత్రం ఊరికంతటికీ. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ పేర్లతో మీరు రెండు స్టేషన్లు కడుతున్నారు. ఆ పేర్లు పెట్టినందుకు మా బస్తీ సంతోషించింది. ఆ స్టేషన్లలో టికెట్ల కౌంటర్ పక్కన ఒక గోడ కేటాయించండి. దాని మీద ఈ 7.5 కిలోమీటర్ల నేల పొరలు, దొరికిన గొట్టాలు, బావుల నక్షా ఉండాలి. అప్పుడు రైలు కోసం నిలబడిన పిల్ల తన నాయనమ్మను "ఇదేమిటి?" అని అడుగుతుంది. సురంగ్ కథ కూడా చెప్పనివ్వండి, దాని పక్కనే నిజం కూడా చూపించండి. ఆ గోడ మీద పెట్టే మొదటి వస్తువుగా నా దగ్గరున్న ఈ ముక్కను తెచ్చి మీ చేతికిస్తాను.

మా గల్లీలో కమాను కప్పేసినప్పుడు నేను పిల్లని. అడ్డుపడే వయసూ లేదు, అడిగే నోరూ లేదు. ఇప్పుడు అడుగుతున్నాను. మీరు దించే పిల్లర్లు వందేళ్లు నిలబడాలి, నిలబడతాయి. అందుకే ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. పిల్లర్ దిగిన చోట ఏముండేదో తర్వాత ఎవరూ తవ్వి చూడలేరు. చూడగలిగింది మీరే, అది కూడా ఇప్పుడు మాత్రమే.

ఇట్లు,
హరిబౌలిలో పుట్టి పెరిగిన ఒక పాతబస్తీ ఆడబిడ్డ